ఎయిర్ రైఫిల్ పెల్లెట్లను ఇంటి దగ్గరే పరీక్షించి, ఏరి, సిద్ధం చేసుకోవడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎయిర్ రైఫిల్ సాధన మొదలుపెట్టిన పిల్లలూ వారి తల్లిదండ్రులూ నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. అమెరికాలో షూటర్లు ఇంట్లోనే రీలోడింగ్ ప్రెస్ బిగించుకొని, ఒకసారి కాల్చిన ఇత్తడి తొడుగును మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు (మందును అంటించే చిన్న మూత) ఎక్కించి, మందు తూచి పోసి, బుల్లెట్ కూర్చి తమ తూటాలను తామే తయారుచేసుకుంటారు కదా, ఆ పని మనం కూడా నేర్చుకోవచ్చా అన్నది ఆ ప్రశ్న. నేర్చుకోకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. పైగా ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో తూటా భాగాలతో పాటు తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా ‘మందుగుండు’ కిందికే వస్తాయి కాబట్టి, ప్రెస్ తెప్పించి ఊరికే బల్ల మీద పెట్టుకున్నా చిక్కు తప్పదు. తుపాకీ లైసెన్సు ఉన్నవారికి కూడా ఆ లైసెన్సు తూటాలు కొని దగ్గర ఉంచుకోవడానికే తప్ప తయారుచేయడానికి పనికిరాదు.

అయితే రీలోడింగ్ చేసేవారు గంటల తరబడి బల్ల ముందు కూర్చొనేది ప్రధానంగా ఒక తూటాకూ దాని తర్వాతి తూటాకూ మధ్య తేడా లేకుండా చూసుకోవడానికి. ఆ శ్రద్ధను మనం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్ మీద, అంటే గాలి పీడనంతో కాల్చే చిన్న సీసపు గుండు మీద, పూర్తిగా చట్టబద్ధంగా పెట్టవచ్చు. క్యాలిబరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం, 4.5 మి.మీ. దాటని, శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతుంది, అంటే దాని శక్తి 8 జౌళ్ల లోపే ఉంటుంది. కొన్న రసీదును, మీ గుర్తింపు కార్డు నకలును రైఫిల్ పెట్టెలోనే ఉంచండి. దారిలో పోలీసులు ఆపి అడిగితే చూపించడానికి అవి పనికివస్తాయి. రైఫిల్‌ను ఎప్పుడూ పెట్టెలోనే తీసుకెళ్లాలి, బండి మీద భుజానికి తగిలించుకొని తిరగకూడదు.

ఇంకొక మాట ముందే చెప్పాలి. మన ప్రాంతం పులికాట్ కొంగలకూ నేలపట్టు గూడబాతులకూ పేరుపడ్డ ప్రాంతం, చెరువు ఉన్న ప్రతి ఊళ్లోనూ పక్షులుంటాయి. ఎయిర్ గన్ చేతికి రాగానే చెట్టు మీదికి గురిపెట్టే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ అలవాటున్న పిల్లవాడికి అది పూర్తిగా పోయేదాకా నేను రైఫిల్ ఇవ్వను, మీరూ ఇవ్వవద్దు.

చోటు, పెట్టె, వెలుతురు

పెల్లెట్‌ను పరీక్షించాలంటే ముందు కచ్చితంగా 10 మీటర్లు కొలిచిన చోటు కావాలి. రైఫిల్‌తో నిలబడే గీత నుంచి టార్గెట్ ముఖం దాకా టేపుతో కొలవండి. టార్గెట్ మధ్యబిందువు నేలకు 1.40 మీటర్ల ఎత్తున ఉండాలి. నెల్లూరు పట్టణంలో మేడ మీద పిట్టగోడల మధ్య ఈ పొడవు దొరుకుతుంది కానీ, మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి వచ్చే గాలి అరగ్రాము పెల్లెట్‌ను పక్కకు నెడుతుంది కాబట్టి అక్కడ సాధన చేయవచ్చు గాని పరీక్ష చేయకూడదు. టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లున్నవారికి ఒక వసతి ఉంది. బ్యారన్ లోపలి కొలత సరిపోదు గాని, పక్కనే ఆకు గ్రేడింగ్ చేసి బేళ్లు కట్టే పొడవాటి షెడ్డు చక్కగా సరిపోతుంది. సీజను ముగిసి బేళ్లు వేలం కేంద్రానికి వెళ్లిపోయాక ఆ షెడ్డు నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. మేము సాధన చేసేది అలాంటి షెడ్డులోనే. సీసం దుమ్ము రేపు ఆకు మీద పడకుండా కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, సీజనుకు ముందే తీసేస్తాము.

టార్గెట్ వెనుక పెల్లెట్‌ను పట్టే పెట్టె తప్పనిసరి. వెల్డింగ్ షాపులో 3 మి.మీ. ఇనుప రేకుతో ఒక పెట్టె చేయించి, లోపల మరో రేకును పైభాగం ముందుకు వంగి ఉండేటట్టు 45 డిగ్రీల వాలులో బిగించమనండి. పెల్లెట్ ఆ వాలు రేకుకు తగిలి చదునై పెట్టె అడుగున పడుతుంది. రేకును నిటారుగా బిగిస్తే పెల్లెట్ ముక్కలు వెనక్కి ఎగిరివచ్చే ప్రమాదముంది. అందువల్ల పెట్టె ఎంత బాగా కుదిరినా కాల్చేవారూ పక్కన నిలబడేవారూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. పెట్టె వెనుక ఉండేది తలుపో కిటికీయో కాకుండా ఇటుక గోడ అయి ఉండాలి, కాల్చే సమయంలో ఆ వైపు మనుషులు గాని పశువులు గాని రాగల దారి ఉండకూడదు. టార్గెట్ మీద వెలుతురు 1500 లక్సులు ఉండాలని పోటీ నియమం. ఫోనులో వెలుతురు కొలిచే ఆప్ వేసుకొని, ఎల్‌ఈడీ దీపాన్ని దగ్గరకూ దూరానికీ జరిపితే సుమారుగా ఆ స్థాయికి తెచ్చుకోవచ్చు.

గాలి నింపడంలో చేయకూడని పొరపాటు

పోటీ రైఫిళ్లలో ఎక్కువ భాగం 200 బార్ల పీడనంతో నింపిన గాలి సిలిండరుతో పనిచేస్తాయి. చిన్న పట్టణాల్లో ఆ గాలి నింపేవారు దొరకరు. దొరకనప్పుడు కొందరికి గ్యాస్ వెల్డింగ్ షాపులోని ఆక్సిజన్ సిలిండరో ఆసుపత్రికి వెళ్లే సిలిండరో గుర్తుకొస్తుంది. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. రైఫిల్ లోపలి రబ్బరు రింగులకూ కవాటాలకూ గ్రీజు ఉంటుంది, అధిక పీడనంలో ఆక్సిజన్ ఆ గ్రీజును తాకితే పేలుడు జరుగుతుంది. సిలిండరులోకి వెళ్లవలసింది శుభ్రమైన పొడి గాలి ఒక్కటే. హ్యాండ్ పంపుతో నింపుకొనేవారు మన తీరప్రాంతపు తేమను గుర్తుంచుకోవాలి. పంపు వేడెక్కకుండా మధ్యమధ్య ఆగుతూ, ప్రతి విరామంలోనూ కింది స్క్రూ వదులుచేసి లోపల చేరిన నీటిని బయటకు పోనివ్వాలి. సిలిండరు మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. చాలా కంపెనీలు దాని ఆయుష్షును 10 ఏళ్లుగా నిర్ణయించాయి కాబట్టి పాతది కొనేటప్పుడు ధర కంటే ముందు ఆ తేదీ చూడండి. రోహిణి కార్తె ఎండలో మూసిన కారులో దాన్ని వదలకండి.

స్ప్రింగ్ రైఫిల్‌తో మొదలుపెట్టినవారికి ఈ బెడద లేదు. వారు గుర్తుంచుకోవలసినవి రెండే. బ్యారెల్‌ను కిందికి వంచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేతితో బ్యారెల్‌ను వదలకుండా పట్టుకోవాలి. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే లోపలి పిస్టన్ సీలు పాడవుతుంది కాబట్టి ఉత్తి ట్రిగ్గర్ సాధన ఆ రైఫిల్‌తో చేయకూడదు.

ఏ పెల్లెట్ కొనాలి?

10 మీటర్ల టార్గెట్‌కు తల చదునుగా ఉన్న మ్యాచ్ (పోటీ) పెల్లెట్‌నే వాడాలి, ఎందుకంటే అది కాగితంలో గుండ్రటి, అంచులు తెగిన రంధ్రం చేస్తుంది. మొన తేలిన పెల్లెట్ చేసే చిరుగును కొలవడం కుదరదు. పెల్లెట్ ఆకారాన్ని ఒకసారి వేళ్ల మధ్య పట్టుకొని గమనించండి. ముందు బరువైన తల, మధ్యలో సన్నని నడుము, వెనుక లోపల బోలుగా ఉండి లంగా కుచ్చిళ్లలా విచ్చుకున్న పల్చని అంచు ఉంటాయి. గాలి వెనుక నుంచి తోసినప్పుడు ఆ పల్చని అంచు వ్యాకోచించి బ్యారెల్ గాడులను పట్టుకుంటుంది, తల దారి చూపుతుంది. ఈ రెండింటిలో ఏది చెడినా పెల్లెట్ దారి తప్పుతుంది.

డబ్బా మూత మీద గాని అడుగున గాని 4.49, 4.50, 4.51 వంటి అంకె కనిపిస్తుంది, అది తల వ్యాసం. ఆ పక్కన తయారీ బ్యాచ్ సంఖ్య ఉంటుంది. మిల్లీమీటరులో నూరో వంతు తేడాకు ఇంత ప్రాధాన్యం ఎందుకని మొదట్లో నాకూ అనిపించింది. ఒకే కంపెనీ చేసిన రెండు రైఫిళ్లు కూడా ఒకే పెల్లెట్‌ను ఒకేలా ఇష్టపడవని పరీక్షలు చేసి చూశాక ఆ సందేహం పోయింది. ఇష్టపడటం అన్న మాటను కావాలనే వాడుతున్నాను, ఎందుకంటే ఏ బ్యారెల్‌కు ఏది కుదురుతుందో ముందుగా లెక్కగట్టి చెప్పే సూత్రం లేదు, కాల్చి చూడవలసిందే. కాబట్టి మొదటిసారి ఒకే రకం పది డబ్బాలు కొనకండి. మూడు నాలుగు కొలతల్లో ఒక్కో డబ్బా కొనండి, లేదా నలుగురు షూటర్లు కలిసి తలా ఒక డబ్బా తెప్పించుకొని యాభయ్యేసి పెల్లెట్లు పంచుకోండి. మా షెడ్డులో ఈ పద్ధతే నడుస్తోంది.

బిగించి కాల్చి చూడటం

ఇది ఈ పని మొత్తంలో అత్యంత ముఖ్యమైన మెట్టు. ఇక్కడ తొందరపడితే తర్వాత చేసే తూకాలూ ఏరివేతలూ అన్నీ వృథా అవుతాయి.

బరువైన బల్ల కావాలి. చీమకుర్తి దగ్గర గ్రానైట్ కోత యూనిట్లలో మిగిలిపోయిన పలకలు దొరుకుతాయి. అలాంటి పలకను గట్టి ఇటుక దిమ్మె మీద పరిస్తే అడుగుల చప్పుడుకు కూడా కదలని బల్ల తయారవుతుంది, ఆ నున్నని ముఖం తర్వాత ఇంకొక పనికి కూడా పనికివస్తుంది. పలక మీద వడ్రంగి వాడే వైస్ బిగించి, దాని దవడలకు చెక్క, దాని మీద తోలు అంటించి, రైఫిల్‌ను మధ్యభాగంలో పట్టేటట్టు బిగించండి. బ్యారెల్‌ను గాని గాలి సిలిండరును గాని వైస్‌లో పట్టకూడదు. రైఫిల్‌ను పెట్టెలో నుంచి తీసేముందే బ్యారెల్‌లో నారింజ రంగు సేఫ్టీ దారం (లోపల పెల్లెట్ లేదని చూపేది) ఉందో లేదో చూసుకోండి. అందరూ గీత వెనక్కి వచ్చాకే దాన్ని తీయాలి.

పెల్లెట్ రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది పదిహేను గుళ్లను లెక్కలోకి తీసుకోకుండా కాల్చేయండి, బ్యారెల్ కొత్త పెల్లెట్‌కు అలవాటు పడటానికి అంత పడుతుంది. ఆ తర్వాత కొత్త టార్గెట్ కార్డు పెట్టి, రైఫిల్‌ను తాకకుండా, ట్రిగ్గర్‌ను మాత్రం ఒకే తీరుగా నొక్కుతూ పది గుళ్లు కాల్చండి. గుళ్లు నల్లని వృత్తం మధ్యలో పడనక్కర్లేదు, అన్నీ ఒకే చోట పడితే చాలు. పది గుళ్లకు ఒక కార్డు చొప్పున ఒక్కో రకానికి మూడు కార్డులు కాల్చండి. ఐదు గుళ్లతో సరిపెట్టుకుంటే అదృష్టం కొద్దీ రంధ్రాలన్నీ దగ్గరగా పడి చిన్న గుత్తి వచ్చి, పనికిరాని పెల్లెట్‌ను మంచిదని నమ్మే ప్రమాదముంది. నేను ఆ పొరపాటు చేసి ఒక సీజను మొత్తం తప్పుడు డబ్బాలతో కాల్చాను. పది గుళ్ల కార్డులు మూడు ఉంటే ఆ మోసానికి చాలా వరకు తావుండదు.

ఇప్పుడు డిజిటల్ వెర్నియర్‌తో రంధ్రాల గుత్తి బయటి అంచు నుంచి బయటి అంచు దాకా, ఎక్కడ ఎక్కువ వెడల్పు ఉంటే అక్కడ కొలిచి, దానిలో నుంచి పెల్లెట్ వెడల్పు 4.5 మి.మీ. తీసేయండి. మిగిలిన అంకె మీ గుత్తి అసలు వెడల్పు. దాని అర్థం తెలియాలంటే టార్గెట్ లెక్క తెలియాలి. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే 10.0, అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ మధ్యకు 2.5 మి.మీ. దూరంలో ఉన్నా పది వస్తుంది. అక్కడి నుంచి లోపలికి ప్రతి 0.25 మిల్లీమీటరుకు దశాంశంలో ఒక మెట్టు పెరిగి, 10.9 దగ్గర ఆగుతుంది. కాబట్టి గుత్తి బయటి కొలత 6 మి.మీ. ఉంటే అసలు వెడల్పు 1.5, సగం 0.75, షూటర్ తప్పు ఏమీ లేకపోతే ఆ పెల్లెట్ వల్ల వచ్చే అతి తక్కువ మార్కు దాదాపు 10.7. అదే గుత్తి 8 మి.మీ. ఉంటే 10.3 దాకా పడిపోవచ్చు. అరవై గుళ్ల పోటీలో 654 మార్కులకు ఆడేటప్పుడు, ఫైనల్ చేరినవారికీ చేరనివారికీ మధ్య ఒక్కోసారి దశాంశమే తేడాగా ఉంటుంది. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం గెలిచినప్పటి నుంచి మన పిల్లలకు ఈ దశాంశాల విలువ చెప్పడం తేలికైంది.

మూడు కార్డుల్లోనూ చిన్న గుత్తి ఇచ్చిన రకాన్నే ఎంచుకొని, అదే బ్యాచ్ సంఖ్య ఉన్న డబ్బాలు వీలైనన్ని కొనండి. బ్యాచ్ మారితే పేరూ కొలతా అవే అయినా మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి.

కంటితో ఏరడం, పలక మీద దొర్లించడం

డబ్బాలు చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో బస్సు పార్శిల్‌లో మన దాకా వచ్చేసరికి కొన్ని పెల్లెట్ల అంచులు సొట్టపోతాయి. డబ్బాను బోర్లించి గుమ్మరించవద్దు. వెడల్పాటి పళ్లెంలో మెత్తని నూలుగుడ్డ పరిచి, డబ్బాను కొద్దిగా వంచి, ఒకసారికి యాభై పెల్లెట్లకు మించకుండా జారనివ్వండి. ప్రతి పెల్లెట్‌నూ వెనుకవైపు తిప్పి అంచు గుండ్రంగా ఉందో లేదో చూడండి. అంచు లోపలికి నొక్కుకుపోయినవి, తల మీద గీత పడ్డవి, లోపల సీసపు పొట్టు అంటుకున్నవి పక్కన పెట్టండి. సొట్టపోయిన అంచును పెన్ను మొనతో సరిచేయడం నేను చూశాను. అలా సరిచేసినవి వార్మప్‌కు తప్ప పనికిరావు.

కంటికి ఆనని లోపాలను పట్టడానికి గ్రానైట్ పలక ఉపయోగపడుతుంది. పలక లేకపోతే నిలువుటద్దమైనా చాలు. చిన్న పలక ముక్కను గాని అద్దాన్ని గాని ఒకవైపు అట్టముక్కతో కొద్దిగా ఎత్తి, పై అంచు దగ్గర స్కేలు ఆనించి, పెల్లెట్‌ను ఎప్పుడూ అదే చోటి నుంచి అదే దిశలో వదలండి. వెనుక అంచు తల కంటే కాస్త వెడల్పు కాబట్టి పెల్లెట్ తిన్నగా కాక వంపు తిరుగుతూ దొర్లుతుంది. ఆకారం సమంగా ఉన్నవన్నీ ఒకే వంపు తిరిగి కింద ఇంచుమించు ఒకే చోటికి చేరతాయి. ఎగిరెగిరి పడేది, దారి మధ్యలో ఊగేది, వంపు మరీ ఎక్కువో తక్కువో తిరిగేది లోపమున్న పెల్లెట్. ఓపికగా కూర్చుంటే గంటలో ఒక డబ్బాలోని అయిదువందలూ పూర్తవుతాయి. ఇంట్లో పెద్దవారి సాయం తీసుకోవచ్చు. కానీ అయిదారేళ్ల లోపు పిల్లలను ఆ బల్ల దరిదాపులకు రానివ్వకండి.

తూకం ఎంతవరకు?

రీలోడింగ్ వీడియోలు చూసి వచ్చినవారు ముందుగా అడిగేది తూకం గురించే, అందుకే దీన్ని చివర పెట్టాను. నెల్లూరు ఆచారి వీధిలో బంగారం పనివారు వాడే, మిల్లీగ్రాము దాకా చూపించే కాటా ఈ పనికి కావాలి. వంటింటి కాటా పనికిరాదు. నాకు తూకం నేర్పింది అక్కడి ఒక పెద్దాయనే. నేను మొదటిరోజు పెల్లెట్లు తీసుకెళ్లి ఆత్రంగా తూస్తుంటే ఆయన లేచి స్విచ్ కట్టేసి, “ఫ్యాను తిరగతా ఉంటే అది తూకం కాదు అబ్బయా” అన్నారు. కాటాను సమంగా ఉన్న పలక మీద పెట్టి, ఫ్యాను ఆపి, గాజు మూత వేసి, తెలిసిన తూకపురాయితో ఒకసారి సరిచూసి, ప్రతి యాభై పెల్లెట్లకు ఒకసారి సున్నా కదిలిందేమో చూసుకోండి. పెల్లెట్‌ను చేత్తో కాక ప్లాస్టిక్ పట్టకారుతో పెట్టడం మంచిది.

అయితే ఈ తూకానికి ఎంత విలువ ఇవ్వాలో లెక్క వేసుకుందాం. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లు చేరేలోపు గురుత్వాకర్షణ వల్ల సుమారు 17 మి.మీ. కిందికి దిగుతుంది. బరువు 0.005 గ్రాములు, అంటే దాదాపు ఒక శాతం పెరిగితే, అదే గాలి శక్తికి వేగం అర శాతం తగ్గి, ఆ దిగుడు ఒక శాతం, అంటే 0.17 మి.మీ. పెరుగుతుంది. దశాంశంలో ఒక మెట్టు 0.25 మి.మీ. కాబట్టి ఈ తేడా ఆ మెట్టు కన్నా తక్కువ. ఈ లెక్క చూశాక మిల్లీగ్రాముకొక గిన్నె పెట్టి పెల్లెట్లను పది వర్గాలుగా విడదీయడం నేను మానేశాను. ఇప్పుడు తూకాన్ని ఒకే పనికి వాడుతున్నాను. డబ్బాలో యాభై పెల్లెట్లు తూచి సగటు రాసుకొని, ఆ సగటుకు అటూ ఇటూ 0.005 గ్రాములు దాటినవాటిని తీసేస్తాను, ఎందుకంటే అంత తేడా ఉన్న పెల్లెట్‌లో సీసం సరిగా పోత పడకపోవడమో ఆకారం చెడటమో జరిగి ఉండవచ్చు. మిగిలినవన్నీ ఒకే డబ్బాలో వేసుకుంటాను. సాధనలో సగటు గుండుకు 10.0 రానివారు ఈ మెట్టు మొత్తం వదిలేసి ఆ సమయాన్ని నిలబడే తీరు మీద పెట్టడం మంచిది. బ్యారెల్‌కు నప్పే పెల్లెట్‌ను ఎంచుకోవడం వల్ల వచ్చే లాభంలో తూకం వల్ల వచ్చేది చాలా చిన్న భాగం.

నిల్వ, శుభ్రత

సీసానికి తేమ తగిలితే పైన తెల్లని పొడి పడుతుంది. కావలి, అల్లూరు వంటి సముద్రానికి దగ్గరి ఊళ్లలో డబ్బా మూత వదులుగా ఉంచితే వానాకాలం ముగిసేసరికే అది కనిపించవచ్చు. ఆ పొడి ఊపిరిలోకి వెళ్తే విషం. తెల్లబడ్డ పెల్లెట్లను కడిగి వాడుకోవాలని చూడకండి, ఊది చూడనే చూడకండి. ఏరిన పెల్లెట్లను గుంటలున్న స్పాంజి పలకల్లో గాని, వాటి అసలు డబ్బాలోనే పలుచని స్పాంజి వేసి గాని సర్ది, గాలి చొరని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, తాళం వేసే బీరువాలో ఉంచండి. రైఫిల్ వేరే బీరువాలో ఉండాలి. కొందరు పెల్లెట్లకు పలుచగా నూనె పట్టిస్తారు. మన షెడ్డుల్లో దుమ్ము ఎక్కువ, నూనె ఆ దుమ్మును పట్టి బ్యారెల్‌లోకి తీసుకెళుతుంది కాబట్టి నేను పట్టించను.

పెల్లెట్లు ముట్టుకున్న చేతులతో ఏమీ తినకూడదు, ముఖం తుడుచుకోకూడదు, వరుసగా కాల్చేటప్పుడు పెల్లెట్‌ను పెదవుల మధ్య పట్టుకొనే పాత అలవాటు అసలే ఉండకూడదు. పని ముగిశాక సబ్బుతో, చన్నీళ్లతో చేతులు కడుక్కోండి. షెడ్డును పొడి చీపురుతో ఊడ్చితే సీసం దుమ్ము గాలిలోకి లేస్తుంది, అందుకే తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూటకట్టి పారేయాలి. పెట్టె అడుగున చేరిన సీసాన్ని పాత బ్యాటరీలు కొనే అధీకృత వ్యాపారికి ఇవ్వండి. మన తీరంలో వలలకు కట్టే సీసపు గుళ్లను కొందరు ఇంటి దగ్గర కరిగించి పోస్తారు. అది చూసి మీరు కూడా పొయ్యి మీద సీసం కరిగించవద్దు, ఆ పొగ ఇంట్లోని పసిపిల్లలకు అందరికంటే ఎక్కువ హాని చేస్తుంది.

పుస్తకం

చివరి పని ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టుకోవడం. డబ్బా తెరిచిన తేదీ, పేరు, తల కొలత, బ్యాచ్ సంఖ్య, వైస్‌లో వచ్చిన మూడు గుత్తుల కొలతలు, సగటు బరువు, తీసేసిన పెల్లెట్ల సంఖ్య, ఆ రోజు షెడ్డులో ఉష్ణోగ్రత రాయండి. పరీక్ష కార్డులను కూడా పేజీల మధ్య పెట్టుకోండి. సాధనలో అనుకోకుండా మార్కులు పడిపోయినప్పుడు తప్పు మీదో పెల్లెట్‌దో తేల్చడానికి అదే బ్యాచ్ పెల్లెట్‌తో వైస్‌లో ఇంకొక కార్డు కాల్చి పాత కార్డు పక్కన పెట్టి చూడండి. గుత్తి మారకపోతే కారణం మీ భుజంలోనో ట్రిగ్గర్ వేలులోనో ఉంది. గుత్తి పెరిగితే ముందు బ్యారెల్‌ను ఫెల్ట్ ముక్కలతో శుభ్రం చేసి మళ్లీ కాల్చండి, అప్పటికీ తగ్గకపోతే డబ్బా మార్చండి. పరీక్షలో మంచిదని తేలిన బ్యాచ్‌లో రెండు డబ్బాలే మిగిలిన రోజు నుంచే కొత్త బ్యాచ్ పరీక్ష మొదలుపెట్టండి, ఆ రెండింటినీ జిల్లా, రాష్ట్ర పోటీల కోసం తెరవకుండా దాచుకోండి.